వేడి చేసిన మాత్ర

"నాకు జొరమని ఎవురన్నారన్నా?"

గదిలో ఐదుగురం ఉన్నాం. ఆ మాట అర్థమైంది నాకొక్కడికే. డాక్టరు గారు కంప్యూటరు తెర మీద నుంచి తల తిప్పి నా వంక చూశారు. బల్లకు ఇవతల కూర్చున్న మామా, అంటే ఆ మాటన్న మనిషి వంట చేసే ఇంటి యజమానురాలు, చేతిలో తిప్పుతున్న జపమాల ఆపింది. గోడవారన నిలబడిన మలయాళీ సిస్టర్ 'ఏమంది' అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది.

నేను అడిగింది చిన్న ప్రశ్న. జ్వరం ఎప్పట్నించి వస్తోందమ్మా అని. ఆమె జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేసింది. అప్పటికే డాక్టరు గారు ఆమె వాడుతున్న మాత్ర ఆపేయాలని నిర్ణయించుకున్నారు. మాత్ర ఆగితే చేతులు పనికిరావని, ఆమెను ఊరికి పంపేయడానికి మామా సిద్ధపడింది. ఆ రెండు నిర్ణయాలూ జ్వరం అనే ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయి. ఆ మాట ఆమె అన్నది కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఇక్కడ ఆగి కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను వైద్యుణ్ణి కాను, కాంపౌండర్నీ కాను. అమలాపురంలో ఒక దినపత్రికకు విలేఖరిగా మొదలై, రాజమండ్రి డెస్కులో కొన్నేళ్లు ఇతరుల వార్తలు దిద్దిన మనిషిని. మా డెస్కు పెద్దాయనకు ఒక అలవాటు ఉండేది. వార్తలో ఏ వాక్యం దగ్గరైనా ఆయన ఎర్ర సిరా ఆగిందంటే, పక్కన రాసేది ఒకే మాట: 'ఎవరన్నారు?' దానికి జవాబు లేకపోతే వాక్యం పోయేది. ఒకోసారి వార్తే పోయేది. ఎడిషన్లు కుదించిన ఏడాది నా కుర్చీ పోయింది. బావమరిది వీసా పంపితే కువైట్ విమానం ఎక్కాను.

ఫింటాస్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో పని దొరికింది. నా ఉద్యోగం పేరు ఇంగ్లీషులో చాలా గంభీరంగా ఉండేది. చేసింది మాత్రం దుబాసీ పని. డాక్టర్లతో ఇంగ్లీషు, నర్సులతో హిందీ, కఫీళ్లతో, అంటే వీసా ఇచ్చిన యజమానులతో, వచ్చీరాని అరబ్బీ, మనవాళ్లతో తెలుగు. ఆ చివరిదే కష్టమని చేరిన వారంలో తెలిసింది. వఫ్రా తోటల్లో పనిచేసే ఒకాయన, బస్సులు లేని ఆ మూల నుంచి ఎవరి బండిలోనో వచ్చి, "కాలు ఇరుకుకొన్యాది సామీ" అన్నాడు. కాలు ఎందులో ఇరుక్కుందో కనుక్కోవడానికి నేను చాలా శ్రమపడ్డాను. అది ఎందులోనూ ఇరుక్కోలేదు. బెణికింది. కోనసీమ వాడికి కడప తెలుగుకు కూడా ఒక దుబాసీ కావాలి. పత్రికలో ఉన్నప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆమెది రాయచోటి వైపు పల్లె. నలభై దాటి ఉంటాయి. ఫింటాస్‌లోనే ఒకే ఇంట్లో ఏళ్ల తరబడి వంట చేసింది. మామా పిల్లలందరూ ఆమె చేతి అన్నం తిని, పెళ్లిళ్లు చేసుకుని, వేరే ఇళ్లకు వెళ్లిపోయారు. మిగిలింది వీళ్లిద్దరే. ఆమెకు అరబ్బీ నాకంటే బాగా వచ్చు. వంటింట్లో, బజార్లో, ఫోన్లో గడగడా మాట్లాడేది. అందుకే ఆమె మొదటిసారి వచ్చినప్పుడు నన్ను ఎవరూ పిలవలేదు. అరబ్బీ వచ్చినవాళ్లకు దుబాసీ ఎందుకు? ఆమె నమ్మకం అదే. మా క్లినిక్ నమ్మకమూ అదే.

ఆమె జబ్బు కీళ్లవాతం. మనవాళ్లు కీళ్లలో ఏ నొప్పి వచ్చినా ఆ పేరే పెడతారు గానీ ఇది వయసుతో మోకాలు అరగడం కాదు. ఒంటిని కాపాడవలసిన శక్తి దారి తప్పి సొంత కీళ్ల మీదే పడటం. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. పిడికిలి పట్టదు. వేళ్ల కణుపులు వాచి వేడిగా ఉంటాయి. వంట చేసుకు బతికే మనిషికి గరిటె పట్టుకోలేకపోవడం కంటే పెద్ద జబ్బు లేదు.

ఈ జబ్బుకు ముందుగా ఇచ్చే మందు ఆమె కాలేయానికి పడలేదు. రెండో మందుకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. ఖరీదైన ఇంజెక్షన్లు ఆమె బీమా పరిధిలోకి రావు. అప్పుడు మా ఈజిప్టు డాక్టరు గారు ఒక పాత దారి పట్టారు. మైనోసైక్లిన్ అనే యాంటీబయాటిక్. మొటిమలకు ఇచ్చే మందే. దాన్ని నెలల తరబడి వాడితే కొందరిలో కీళ్ల వాపు తగ్గుతుంది. "ఈ దారిన ఇప్పుడు ఎక్కువమంది నడవరు. కానీ దారి మూసెయ్యలేదు" అన్నారట ఆయన. మొదలుపెట్టిన రోజే ఒక హెచ్చరిక కూడా చేశారు. దీర్ఘకాలం వాడే మందు కనుక ఏ తేడా వచ్చినా చెప్పాలి. ముఖ్యంగా జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఈ మందు అరుదుగా కొందరి కాలేయాన్ని, చర్మాన్ని, మొత్తం ఒంటిని ఎదురు తిప్పుతుంది. ఆ తిరుగుబాటుకు తొలి గుర్తుల్లో జ్వరం ఒకటి.

మొదటి నెలల్లో మందు పనిచేసింది. ఆమె మళ్లీ చపాతీలు ఒత్తింది. ఆ తరువాత ఎండాకాలం వచ్చింది. వేళ్లు మళ్లీ వాచాయి. ఆమె క్లినిక్‌కు వచ్చి, తన అరబ్బీలో, ఎవరి సాయమూ లేకుండా డాక్టరుకు చెప్పింది: "ఇందీ హరారా."

అరబ్బీలో ఎవరైనా డాక్టరుతో ఆ మాటంటే అర్థం ఒక్కటే. నాకు జ్వరం వస్తోంది.

డాక్టరు గారు అడగవలసినవన్నీ అడిగారు. ఎప్పుడు వస్తుంది? మధ్యాహ్నం వస్తుంది, రాత్రి మాత్ర వేసుకున్నాక కూడా వస్తుంది. రోజూనా? రోజూ. క్లినిక్‌లో చూస్తే జ్వరం లేదు. కానీ వచ్చిపోయే జ్వరం క్లినిక్‌లో దొరకాలని లేదు. రక్తపరీక్షలో వాపు గుర్తులు పెరిగి ఉన్నాయి. అవి కీళ్ల వల్ల కావచ్చు, మందు ఎదురు తిరగడం వల్లా కావచ్చు. మందు పనిచేయడం మానేసింది, పైగా జ్వరం తెస్తోంది. ఈ రెండూ కలిస్తే ఏ జాగ్రత్త గల వైద్యుడైనా ఆ మందు ఆపుతాడు. ఆయన స్థానంలో నేనున్నా ఆపేవాణ్ణి. ఆయన తప్పు చేశారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆయన విన్న మాట ప్రకారం ఆయన నిర్ణయం సరైనది.

మరి ఆ రోజు నన్ను పిలిచిందెవరంటే, మామా. ఆ ముసలామె గురించి ఇది చెప్పాలి. ఆమె డాక్టరుతో అన్నదట: "ఈ మాట నేను చెబితే, పని చేయలేదని నేనే తరిమేస్తున్నానని అనుకుంటుంది. దాని భాషలోనే చెప్పించండి. మందు దానికి ప్రమాదమని తెలియాలి." అందుకే రిసెప్షన్ నుంచి నన్ను లాక్కొచ్చారు. డాక్టరు గారు ఇంగ్లీషులో అన్నారు: "మందు వల్ల జ్వరం వస్తోందని, ఇక ఆపక తప్పదని, మెల్లగా చెప్పండి."

ఆయన చెప్పమన్నది చెబితే నా పని అయిపోయేది. కానీ డెస్కు మనిషికి ఒక జబ్బు ఉంటుంది. ఇంకొకరు చెప్పిన వార్తను మూలంలో చూడకుండా అచ్చుకు పంపలేడు. మాట కలపడానికి కూడా నాకు ఆ ప్రశ్నే తోచింది. "జ్వరం ఎప్పట్నించి వస్తోందమ్మా?"

"నాకు జొరమని ఎవురన్నారన్నా?"

"డాక్టరు గారు అంటున్నారమ్మా. నువ్వే చెప్పావంట."

"నేనా? నేను హరారా అన్న్యా. జొరమని యాడన్నా?"

"హరారా అంటే జ్వరమే కదమ్మా."

"హరారా అంటే వేడి గదన్నా. బయట ఎండ కాస్తే మామా ఏమంటాది? హరారా అంటాది. పొయ్యి కాడ నిలబడితే హరారా. నాకు మాత్ర వేడి జేసింది. అదే చెప్పినా. జొరమొస్తే నాకు తెలియదా? చిన్నపిల్లనా నేను?"

నాకు నవ్వు రావలసింది. రాలేదు. ఆమె ఒక తెలుగు మాటను పొల్లుపోకుండా అరబ్బీలో పెట్టింది. వేడి అంటే హరారా. నిఘంటువు తెరిచినా అదే ఉంటుంది. అరబ్బీలో ఆ మాటకు తప్పేమీ లేదు, తెలుగులోనూ లేదు. ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు దాటే దారిలో అది జ్వరమైపోయింది.

డాక్టరు గారికి చెప్పడానికి నోరు తెరిచాను. 'వేడి చేయడం' అనే మాటకు ఇంగ్లీషు లేదు. నెమ్మదిగా మొదలుపెట్టాను. జ్వరం లేదండీ. మా దేశంలో కొన్ని వస్తువులు ఒంటికి వేడి చేస్తాయి. మందుబిళ్లలు వేడి. మామిడిపండు వేడి. కోడిగుడ్డు వేడి. రాత్రంతా బస్సులో ప్రయాణం చేసినా వేడి చేస్తుంది.

"బస్సా?" అన్నారు డాక్టరు గారు.

"అవునండీ."

సిస్టర్ గోడవారనే నవ్వింది. "డాక్టర్, మా కేరళలో కూడా అంతే. పైనాపిల్ తింటే వేడి" అంది, ఆయన అనుమానం తీర్చడానికన్నట్టు.

ఆయన కాసేపు మా ముగ్గురినీ మార్చి మార్చి చూశారు. ఎగతాళి చేసి ఉంటే మేం ముగ్గురం అక్కడే ముడుచుకుపోయేవాళ్లం. చేయలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని ఒక ప్రశ్న అడిగారు. నా కువైట్ ఉద్యోగం మొత్తంలో ఒక వైద్యుడి నోట విన్న గొప్ప ప్రశ్న అది.

"మరి వేడి చేస్తే, చల్లబడటానికి ఏం చేస్తారు?"

నేను తెలుగులో అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసిందామె. "ఏం జేస్తారన్నా? మజ్జిగ తాగుతారు. ఆ మాత్ర వేసుకునేదే లబన్‌తో. రెండు పూట్లా."

లబన్ అంటే అరబ్బీలో మజ్జిగే, ఆ మాటకు నా అవసరం లేకపోయింది. డాక్టరు గారు కళ్లు మూసుకుని వెనక్కి వాలారు. మామా జపమాల మళ్లీ తిరగడం మొదలైంది. సిస్టర్ మలయాళంలో ఏదో గొణుక్కుంది.

మీలో మందుల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఈ జాతి యాంటీబయాటిక్‌కు సున్నం, అంటే కాల్షియం, సరిపడదు. పాలలో, పెరుగులో, మజ్జిగలో ఉండే సున్నం కడుపులో మాత్రను పట్టుకుని కొంత భాగాన్ని ఒంట పట్టనివ్వదు. ఎండలు ముదిరేకొద్దీ ఆమె లబన్ పెంచుకుంటూ పోయింది. మందు తగ్గుతూ వచ్చింది. వేళ్లు వాచాయి. అంటే మందు ప్రమాదమని అనిపించడానికీ, మందు పనిచేయడం లేదని అనిపించడానికీ కారణం ఒకే మాట. వేడి.

"ఫ్రిజ్‌లో లబన్ ఏమవుతోందో ఇప్పుడు తెలిసింది. నేను పిల్లి అనుకున్నాను" అంది మామా.

కానీ కథ అక్కడ అయిపోలేదు. డాక్టరు గారు అయిపోనివ్వలేదు. "జ్వరం కాదు సరే. ఆమె ఏదో ఒక బాధ చెబుతోంది కదా. ఆ వేడి ఒంట్లో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి" అన్నారు.

ఆమె మొదట రొమ్ము మధ్యన వేలు పెట్టింది. "ఈడ. మాత్ర మింగినంక మంట. మిరప్పొడి పోసినట్టు."

"మాత్ర ఎలా మింగుతావమ్మా?"

"ఎట్ల మింగుతారు? పనంతా అయినంక పరుపు మీద కూసోని, ఒక గుటక లబన్ పోసుకొని, పండుకుంటా."

ఆ మాత్ర గొంతు దిగకుండానే ఆమె పడుకుంటోంది. అది ఆహారనాళానికి అంటుకుని అక్కడే కరిగి పుండు చేస్తోంది. ఆ మంటకు ఆమె ఇంకో వైద్యం కూడా కనిపెట్టుకుంది. ఫార్మసీలో దొరికే గులాబీరంగు గ్యాస్ మందు. అది కూడా మాత్రను పట్టుకుని పోనివ్వని సరుకే.

తరువాత ముంజేతులు చూపించింది. మధ్యాహ్నం మిద్దె మీద బట్టలు ఆరేసి వస్తే చర్మం ఎర్రబడి కాలినట్టు ఉంటుందట. "పెనం తగిలినట్టు" అంది. ఈ మందు వాడేవారి చర్మానికి ఎండ రెండింతలు తగులుతుంది. కువైట్ ఎండ గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు.

చివరికి తల పట్టుకుంది. "ఇది దిమ్ము. దిగులు లేదు. కండ్లు తిరుగుతాయి, నిలబడితే పోతాది."

ఆ దిమ్ము కూడా మందుదే. కళ్లు మసకబారుతున్నాయా, తలనొప్పి ఉందా అని డాక్టరు గారు గుచ్చి గుచ్చి అడిగారు. అవి ఉంటే మాత్రం వెంటనే ఆపవలసిందే. అవి లేవు. నిజంగా లేవా అని నేను రెండు తెలుగుల్లో అడిగాను. లేవు.

అలా ఒక్క వేడి మూడు ముక్కలైంది. గుండెలో మంట, చర్మం మీద ఎండ, తలలో దిమ్ము. మూడూ మందు పక్కన నడిచే బాధలే. ప్రాణం తీసేవి కావు. మూడింటికీ ఉపాయం ఉంది. జ్వరానికే ఉపాయం లేదు, అది లేనే లేదు.

అయినా ఆయన తొందరపడలేదు. "ఒక మాట మీద మందు ఆపబోయాను. ఇంకో మాట మీద కొనసాగించను. కొలిచి చూడాలి" అన్నారు. మళ్లీ రక్తం తీయించారు. ఒక థర్మామీటరు తెప్పించి మామా చేతికిచ్చారు. ఆమె ఎప్పుడు హరారా అన్నా, ఆ క్షణాన నోట్లో పెట్టి చూడాలి. ఒక్కసారి జ్వరం కనబడినా మందు ఆగుతుంది.

మామా లేచి నిలబడి, చేతిసంచీ భుజాన వేసుకుంది. "మరి టికెట్?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"విమానం రోజూ పోతుంది" అంది మామా. "యల్లా, పోదాం."

మామా వెనకే బయటికి వస్తూ ఆమె నా దగ్గర ఆగింది. "అన్నా, ఒక మాట. పోయేదానికి నాకేం బాధ లేదు. ఊరు నాది కాదా? పంపిస్తే పోయేది వేరే, పోవాలనిపిచ్చి పోయేది వేరే. చేతులు సక్కంగున్నప్పుడు నేనే పోతా. ఈ చేతులతో పోతే నాకు అన్నం కలిపి పెట్టేదానికి ఒకరు గావాల. ఆ బతుకు నాకొద్దు."

ఇంతకాలం ఆమె పోరాడుతున్నది దేని కోసమో నాకు అప్పుడు స్పష్టంగా అర్థమైంది.

తరువాతి వారాల్లో ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆమె నాకు ఫోన్లో చెబుతూ వచ్చింది. వినడానికి వార్తాసమీక్షలా ఉండేది. మాత్ర ఇక మామా కళ్లెదుట. నిలబడి మింగాలి. నిండు గ్లాసు నీళ్లు తాగాలి. అరగంట దాకా నడుం వాల్చకూడదు. రాత్రి మాత్ర భోజనం ముగిసిన వెంటనే, నిద్రకు చాలా ముందుగా. లబన్ ఉంది గానీ మధ్యాహ్నం, మాత్రకు దూరంగా. గులాబీ మందు సీసా చెత్తబుట్టలోకి పోయింది. బట్టలు ఆరేయడం సూర్యుడు దిగాక. మిద్దె ఎక్కితే పొడుగు చేతుల జుబ్బా. పై అరలో డబ్బాలు దించడానికి స్టూలెక్కడం నిషేధం, దిమ్ము వల్ల.

"మిలిటరీ అన్నా, మిలిటరీ. నేను హరారా అంటే సాలు, నోట్లో ఆ గాజుపుల్ల పెడతాది. నిన్న కూరలో కారం ఎక్కువై 'హరారా' అనింటే, దానికీ పెట్టింది."

"ఎంత వచ్చిందమ్మా?"

"కూరకా, నాకా?"

జ్వరం ఒక్కసారి కూడా రాలేదు.

మళ్లీ వచ్చిన రోజు ఈసారి నన్ను ముందే పిలిచారు. రక్తపరీక్షలు వచ్చాయి. కాలేయం బాగుంది. వాపు గుర్తులు దిగాయి. డాక్టరు గారు కీళ్లు ఒక్కొక్కటే నొక్కి చూశారు. ఆ తరువాత తన రెండు వేళ్లు ముందుకు చాచి, గట్టిగా పట్టుకోమన్నారు. కీళ్ల వైద్యులు చేసే మామూలు పరీక్షే అది. పోయినసారి ఆమె పట్టు ఆయనకు చంటిపిల్ల పట్టులా అనిపించిందట.

ఆమె పట్టుకుంది. ఆయన ముఖంలో మొదట వైద్యుడి చిరునవ్వు. తరువాత ఆశ్చర్యం. తరువాత "బస్, బస్, ఖలాస్" అంటూ వేళ్లు లాక్కున్నారు. సిస్టర్ చప్పట్లు కొట్టింది. మామా, తనే ఆ వేళ్లు నొక్కినట్టు, కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆమె మాత్రం ఏమీ ఎరగనట్టు బల్ల మీది నీళ్లసీసా తీసుకుని, మూత కిర్రున తిప్పి, గడగడా తాగింది. ఎండాకాలం మొదట్లో ఆ మూతలు తీయడానికి మామా సాయం పట్టేదని నాకు తరువాత తెలిసింది. అందుకే మూత తీశాక, దాన్ని డాక్టరు ముందు బల్ల మీద మెల్లగా పెట్టింది.

తరువాతి శుక్రవారం ఆమె క్లినిక్‌కు ఒక స్టీలు డబ్బా తనే తెచ్చింది. రాగి సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి, అంటే మన వేరుశనగ పచ్చడి. సంగటి కెలకడం ఎలాంటి పనో సీమ వాళ్లకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. కుతకుతలాడే గిన్నెను కాళ్లతో అదిమి పట్టి, బిగుసుకునే పిండిలో తెడ్డును రెండు చేతులా తిప్పాలి. వేళ్లు, మణికట్లు, మోచేతులు, భుజాలు అన్నీ ఒప్పుకుంటేనే ఆ పని అవుతుంది. ఆమె జబ్బు పడ్డాక దాని జోలికి పోలేదు. ఆ ముద్ద నున్నగా, ఒక్క ఉండ లేకుండా ఉంది. పరీక్షల కాగితం కంటే నాకు అదే నమ్మకమనిపించింది.

నాకు సంగటి తినడం రాదు. షర్క్ బజారులో చేపలు వెతుక్కునే కోనసీమ వాణ్ణి. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాను. ఆమె తల కొట్టుకుంది.

"నమిలేది కాదన్నా, మింగేది. ఆయ్ ఆయ్ అనే వాళ్లకు ఇదొకటి రాదు. లెయ్. నిలబడు. మింగు. నిండు గళాసు నీళ్లు తాగు. అరగంట పండుకోవద్దు."

సిస్టర్‌కు తెలుగు రాకపోయినా ఆ వాక్యాలు గుర్తుపట్టి, నవ్వు ఆపుకోలేక కూర్చుంది. నేను నిలబడి మింగాను.

ఆ తరువాత మా క్లినిక్‌లో ఒక మార్పు వచ్చింది. ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. డాక్టరు గారు రెండు తెలుగు మాటలు నేర్చుకున్నారు. మనవాళ్లెవరైనా హరారా అంటే, వేలు ఎత్తి అడిగేవారు: "వేడి? జొరం?" ఆ 'జొరం' ఆయన ఆమె దగ్గరే పట్టారు కనుక, ఈజిప్టు మనిషి నోట రాయచోటి యాస వినబడేది. గోదావరి జిల్లాల వాళ్లు తెల్లబోయేవారు. ఒకసారి వఫ్రా నుంచి వచ్చిన ఒకాయన "ఒళ్లు వేడిగా ఉంది" అన్నాడు. డాక్టరు గారు వేడి అన్నమాట విని, విజయగర్వంతో నా వంక చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. ఒళ్లు వేడిగా ఉండటం వేరు, ఒంటికి వేడి చేయడం వేరు. అది నిజంగా జ్వరమే. ఆయన రెండు చేతులూ పైకెత్తి, మీ భాషను దేవుడే కాపాడాలి అన్నారు.

గల్ఫ్ క్లినిక్కుల్లో, ఆసుపత్రి కౌంటర్లలో పనికి వెళ్తున్న పిల్లలు ఈ మధ్య నన్ను అడుగుతుంటారు, ఏ భాష నేర్చుకోవాలి అని. అరబ్బీ నేర్చుకోండి, తప్పదు. కానీ మీ పక్క జిల్లా తెలుగు కూడా నేర్చుకోండి. భాష రానివాడు పొరపాటు పడితే అందరూ జాగ్రత్తపడతారు, మళ్లీ అడుగుతారు. భాష బాగా వచ్చినవాడు పొరపాటు పడితే ఎవరూ అడగరు. ఆమె అరబ్బీ అంత బాగుండబట్టే ఇంత దూరం వచ్చింది. దీర్ఘకాలం మందు వాడేవారి బాధలు చాలావరకు గ్లాసు నీళ్లతో, గంటల తేడాతో, చొక్కా చేతుల పొడవుతో సర్దుబాటవుతాయి. ఆ బాధ ఏమిటో సరిగ్గా తెలియాలి, అంతే. మా డెస్కు పెద్దాయన ఎర్ర సిరా ఎడారిలో కూడా పనికొస్తుందని ఆయనకు చెప్పే అవకాశం నాకు దొరకలేదు.

నేను పదవీ విరమణ చేసి కాకినాడ వచ్చేశాను. ఆమె ఇంకా ఫింటాస్‌లోనే ఉంది, ఇఖామా, అంటే అక్కడి నివాస అనుమతి, రెన్యూ అయింది. అప్పుడప్పుడూ వాయిస్ మెసేజ్ పెడుతుంది, వెనకాల మామా ఏదో గద్దిస్తూ వినబడుతుంది. పోయిన నెల ఒక ఫోటో పంపింది. ముంజేతి మీద పాత కాలిన మచ్చ దగ్గర చర్మం నీలంగా మారింది. గోళ్ల మొదళ్లలోనూ కొంచెం నీడ ఉంది. ఏళ్ల తరబడి ఈ మందు వాడే కొందరికి అలా రంగు దిగుతుంది. ఆమెకు దిగులేమీ లేదు. "మా అవ్వకు పచ్చబొట్టు ఉన్నింది. ఆమెకు సూదితో పొడిచినారు. నాకు మాత్ర పొడిచింది" అని నవ్వింది.

డాక్టరు గారు మోతాదు తగ్గించారు. పూర్తిగా ఆపితే వేళ్లు మళ్లీ బిగుసుకుంటాయా అన్నది ఆయన చెప్పలేకపోతున్నారు. ఒక యాంటీబయాటిక్ కీళ్లవాతాన్ని ఎందుకు తగ్గిస్తుందో, సూక్ష్మజీవిని చంపడం వల్లనా, వాపునే అణచడం వల్లనా, వైద్యులింకా పూర్తిగా తేల్చలేదట. ఆ నీలం కూడా మందు ఆపితే పోవచ్చు, పోకపోవచ్చు. ప్రస్తుతానికి పోలేదు.